కొత్త బల్లలు వచ్చాయి, పిల్లల్ని కనిపెట్టుకునే మనుషులేరి?

సింగ్‌నగర్_నాన్న (విజయవాడ)

అజిత్‌సింగ్‌నగర్ వైపు ఒక సర్కారు హైస్కూల్లో మా ఇద్దరు పిల్లలు చదువుతున్నారు. బాబు ఎనిమిది, పాప ఆరు. నేను తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బడి నీళ్లలో నానిపోయింది. తర్వాత రంగులు వేశారు, బల్లలు వచ్చాయి, గోడకి పెద్ద టీవీ ఉంది. బయటినుంచి చూస్తే ప్రైవేటు స్కూలేమో అనుకుంటారు.

లోపల సంగతి వేరు. ఎనిమిదో తరగతిలో వారానికో గొడవ. మొన్న ఒకడు ఇంకొకడి వేళ్లు తలుపు సందులో పెట్టి నొక్కాడు. స్విచ్‌బోర్డు పీకేశారు, కొళాయిలు విరగ్గొట్టారు. హెడ్‌మాస్టర్ గారిని అడిగితే "నాకు మనుషుల్లేరండీ, నన్నేం చెయ్యమంటారు" అన్నారు. తల్లికి వందనం కింద ఒక్కో పిల్లకి ₹15,000 అన్నారు, అందులో ₹2,000 బడి నిర్వహణకి పోను మా ఆవిడ ఖాతాలో ₹13,000 చొప్పున పడింది. అంటే బడికి డబ్బు వస్తున్నట్టే కదా? మరి పిల్లల తీరులో మార్పెందుకు లేదు? అసలు నిధులకీ అల్లరికీ సంబంధం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు, దండం పెడతా.

బ్రాడీపేట_బాబాయ్ (గుంటూరు)

ఏ సంబంధమూ లేదు నాయనా. మేం చెట్టుకింద చదువుకున్నాం. బల్లా లేదు, ఫ్యానూ లేదు. మాస్టారు సైకిల్ దిగుతుంటేనే ఊపిరి బిగబట్టేవాళ్లం. ఇప్పుడు బెత్తం పట్టుకుంటే కేసు. ఇంట్లో ఫోను, బడిలో టీవీ. ఇంక భయం ఎక్కణ్ణించి వస్తుంది?

లెక్కల_మాస్టారు (గుంటూరు జిల్లా)

బాబాయ్ గారూ, బెత్తం సంగతి చట్టం ఎప్పుడో తేల్చేసింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమూ కుదరదు, మనసు నొప్పించేలా వేధించడమూ కుదరదు. ఇంకోటి, మీ చెట్టుకింద బడిలో మధ్యలో మానేసినవాళ్లు ఎందరో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. భయపడ్డవాళ్లు బడికి రావడం మానేశారు, మిగిలినవాళ్లు బుద్ధిగా ఉన్నట్టు కనపడ్డారు.

నాన్న గారూ, మీ ప్రశ్నకి నా జవాబు ఇది. గొడవలు ఏ పీరియడ్‌లో జరుగుతున్నాయో రాసుకోండి. నేను చెప్తా వినండి, టీచర్ గదిలో ఉన్నప్పుడు జరిగేవి చాలా తక్కువ. ఒకరు సెలవు, ఒకరు ట్రైనింగు, ఒకరు ఓటర్ల జాబితా పని, ఇంకొకరు ఆఫీసు గదిలో కూచుని యాప్‌లో ఏదో ఫోటో ఎక్కక తంటాలు పడుతుంటారు. అప్పుడు 'అడ్జస్ట్‌మెంట్' వేస్తారు. ఎనిమిది ఏ, ఎనిమిది బీ రెండూ ఒకే గదిలో. ఇద్దరు కూచునే బల్ల మీద ముగ్గురు, నలుగురు. ఒకడి మోచెయ్యి ఇంకొకడి పుస్తకం మీద పడుతుంది. భోజనం తర్వాత పీరియడ్, ఎండాకాలం. నేను బోర్డు వైపు తిరిగి సమీకరణం రాసి మళ్లీ ఇటు తిరిగేలోపు వెనక బల్ల దగ్గర చొక్కా గుండీలు తెగిపోయి ఉంటాయి. నా అరుపుతో ఓ పది నిమిషాలు సద్దుమణుగుతుంది, అంతే. వాళ్లు చెడ్డపిల్లలు కాదు. అదే పిల్లలు ముప్పైమంది ఉంటే నాతో వాదించి మరీ లెక్క చేస్తారు.

వచ్చిన డబ్బు గోడకీ బల్లకీ వచ్చింది. మనిషికి రాలేదు. నేను చెప్పేదింతే.

పటమట_అమ్మ (విజయవాడ)

మా అమ్మాయి ప్రైవేటులో చదువుతోంది. అక్కడ ఈ గొడవలేం లేవు. టీచర్లకి మీ జీతంలో మూడో వంతు కూడా ఉండదు మాస్టారూ, అయినా క్లాసు చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా ఉంటుంది. కాబట్టి డబ్బు కాదు, అజమాయిషీ.

లెక్కల_మాస్టారు

అమ్మా, ఆ బడిలో తట్టుకోలేని పిల్లాడు ఏమవుతున్నాడు? వాళ్ల నాన్నని పిలిచి "మావాడికి ఇక్కడ సరిపడదేమో, టీసీ తీసుకోండి" అంటారు. ఎనిమిదో తరగతి వరకు ఎవర్నీ బడినుంచి తీసెయ్యకూడదని చట్టంలో ఉంది కానీ, మెడపట్టి గెంటకుండా కూడా పంపించే దారులు బోలెడు. ఆ పిల్లాడు జూన్ రెండో వారంలో నా తరగతిలో వచ్చి కూచుంటాడు. వాణ్ణి పంపడానికి మాకు వేరే బడి లేదు.

పటమట_అమ్మ

అది నిజమే అనుకోండి. మా అమ్మాయి క్లాసులోనూ ఇద్దరు మధ్యలో మానేశారు. ఎందుకని మేమెవరం అడగలేదు. అయినా ఫీజు కట్టేవాళ్లకి ఆ మాత్రం నిశ్శబ్దం కావాలనిపించదా?

మాజీ_హెడ్‌మాస్టర్ (తెనాలి)

డబ్బు లెక్క తెలియకుండా వాదించుకుంటున్నారు కాబట్టి ముందు అది చెప్తాను.

2019 నవంబరు 14న సర్కారు బడుల్ని బాగుచేసే నాడు-నేడు కార్యక్రమం మొదలైంది. మొదటి విడతలో 15,715 బడులు. నీళ్లున్న మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, ప్రహరీ, రంగులు. మంచి పని. ముఖ్యంగా మరుగుదొడ్లు. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు నెలలో కొన్నాళ్లు బడికి రాకపోవడం నేను సర్వీసంతా చూశాను. దొడ్డికి తలుపు, లోపల నీళ్లు ఉంటే వాళ్లు వస్తారు. దాహం వేసినా నీళ్లు తాగకుండా మధ్యాహ్నం దాకా బిగబట్టుకుని కూచున్న పిల్ల పాఠం ఏం వింటుంది? కాబట్టి కట్టడాలకి పెట్టిన డబ్బు వృథా అంటే నేను ఒప్పుకోను.

కానీ అది ఒక్కసారి వచ్చే డబ్బు. ఏడాదికేడాది బడి నడిచేది సమగ్ర శిక్ష గ్రాంటుతో. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు. దానికి శ్లాబులున్నాయి. 30 మంది లోపుంటే ₹10,000, 100 వరకు ₹25,000, 250 వరకు ₹50,000, 1,000 వరకు ₹75,000, ఆపైన లక్ష. ఇది ఏడాది మొత్తానికి! 400 మంది ఉన్న హైస్కూల్ తీసుకోండి. ₹75,000ని పంచితే పిల్లకి ₹187. అందులోనే కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, నెట్టు, విరిగిన కొళాయి, జెండా పండగ. పదో వంతు శుభ్రతకే పెట్టాలి. 251 మంది ఉన్నా అదే ₹75,000, 990 మంది ఉన్నా అదే. పెద్ద బడి అయ్యేకొద్దీ తలకి వచ్చేది తగ్గుతుంది. గొడవలు ఎక్కువుండేది కూడా ఆ పెద్ద బడుల్లోనే.

పైగా ఇప్పుడు బడి ఖాతాలో డబ్బు ఉండదు. 2021 నుంచి రాష్ట్రానికంతటికీ ఒకే నోడల్ ఖాతా. మనకి కనపడేది వాడుకోగల పరిమితి మాత్రమే. నా చివరి ఏళ్లలో అది తెరుచుకునేసరికి పరీక్షలు దగ్గరపడేవి. మార్చి 31 లోపు ఖర్చు చూపించాలి. హడావుడిగా ఏం కొంటాం? వస్తువు కొంటాం. బిల్లు దొరికేది వస్తువుకే. మనిషిని పెట్టుకుందామంటే ఆ గ్రాంటులో దారి లేదు.

బీఎడ్_అమ్మాయి (గుంటూరు)

సార్, మరి తల్లికి వందనానికి ముందున్న అమ్మఒడి పథకం నుంచి కోసిన డబ్బు, ఇప్పటి ₹2,000 ఎటు పోతున్నాయి?

మాజీ_హెడ్‌మాస్టర్

అమ్మఒడిలో 2021లో మరుగుదొడ్ల నిధికని ₹1,000 కోత మొదలై, తర్వాత బడి నిర్వహణకి ఇంకో ₹1,000 కలిసి ₹2,000 అయింది. ఆ మరుగుదొడ్ల నిధినుంచి వచ్చిందే ఆయా. నెలకి ₹6,000. ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పాలి.

కాయితం మీద ఆవిడ పని దొడ్లు కడగడం. మా బడిలో మాత్రం ఆరో తరగతి పిల్లకి మొదటిసారి నెలసరి వస్తే వెళ్లేది ఆవిడ దగ్గరికే. దారిలో ఎవడో వెంటపడుతున్నాడని చెప్పుకునేది ఆవిడకే. ఓ పిల్ల ప్రతి సోమవారం వాంతి వస్తోందని బయటికి వస్తుంటే, ఆదివారం రాత్రుళ్లు తాగొచ్చి కొడుతున్న తండ్రి సంగతి ముందు తెలుసుకుంది ఆయాయే. నాకు తర్వాత తెలిసింది. ఎమ్మే, బీఎడ్‌లు చదివిన ఇరవైమందిమి స్టాఫ్‌రూంలో ఉండగా ఆ పిల్ల చీపురు పట్టుకున్న మనిషిని వెతుక్కుంటూ వెళ్లింది. ఎందుకంటే ఆవిడకి ఖాళీ ఉంది, ఆవిడ కూచుని వింటుంది. అలాంటి మనిషికి నెలలతరబడి జీతం రాలేదు. మానేసింది. ఆ తర్వాత మా బడిలో తగాదాలు పెరిగాయా అంటే లెక్క చూపించలేను. ఏం జరుగుతోందో మాకు తెలియడం మాత్రం ఆగిపోయింది.

బ్రాడీపేట_బాబాయ్

ఇది మాత్రం బావుంది మాస్టారూ. మా రోజుల్లో అటెండరు ఉండేవాడు, గంట కొట్టేవాడు. వాడికి అందరి ఇళ్లూ తెలుసు.

గణాంకం (విజయవాడ)

"డబ్బుతో మార్పు ఉండదు", "డబ్బే అంతా" అన్న రెండు మాటలకీ పరిశోధనలున్నాయి. చిత్రమేమిటంటే వాటిలో ముఖ్యమైనవి మన ఆంధ్రలోనే చేశారు.

2000ల మధ్యలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెబడుల్లో ప్రయోగాలు చేశారు. కొన్ని బడులకి లాటరీ పద్ధతిలో గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది కూడా గ్రాంటు ఇచ్చారు, మార్కుల్లో తేడా కనపడలేదు. కారణం? డబ్బు వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు నోటుపుస్తకాలకీ పెన్నులకీ తాము పెట్టే ఖర్చు ఆ మేరకి తగ్గించుకున్నారు. మొత్తమ్మీద పిల్లాడి చేతికి అందింది మారలేదు. అలాగని అది వృథా కాదు, పేదింటికి ఆ రూపాయి మిగిలింది. కానీ ఇంట్లో కొనగలిగేదే బడి కూడా కొనిస్తే చదువులో తేడా రాదని అర్థం.

ఇంకో ప్రయోగంలో బడికి ఒక అదనపు కాంట్రాక్టు టీచర్‌ని ఇచ్చారు. రెండేళ్లకి ఆ బడుల పిల్లలు ముందున్నారు. ఎందుకంటే మనిషిని ఏ తల్లీ బజార్లో కొనితేలేదు. ఆ కాంట్రాక్టు టీచర్ల గైర్హాజరు 18 శాతం, రెగ్యులర్ టీచర్లది 27 శాతం అని కూడా తేలింది. మాస్టారు కోప్పడకండి.

అమెరికా సంగతి వేరే ఉంది. అక్కడ కోర్టు తీర్పులవల్ల కొన్ని ప్రాంతాల బడులకి నిధులు పెరిగాయి. జాక్సన్, జాన్సన్, పెర్సికో అనే ముగ్గురు ఆ పిల్లల్ని పెద్దయ్యేదాకా పరిశీలించి 2016లో ప్రచురించారు. పన్నెండేళ్ల చదువంతా ఏటా 10 శాతం ఎక్కువ ఖర్చు పెడితే పెద్దయ్యాక జీతాలు సుమారు 7 శాతం ఎక్కువ ఉన్నాయి, పేదరికంలో పడేవాళ్లు తగ్గారు. మేలు ఎక్కువ జరిగింది పేద పిల్లలకే. ఆ డబ్బు చిన్న తరగతులకీ టీచర్ల జీతాలకీ ఎక్కువ బడిరోజులకీ వెళ్లింది.

లెక్కల_మాస్టారు

కోపమేం లేదు. ఆ 27 శాతంలో ఎలక్షన్ డ్యూటీ ఎంత, సెలవు ఎంత, ఎగ్గొట్టింది ఎంత అని విడదీసి చూడాలి. ఎగ్గొట్టేవాళ్లు లేరనను. మా స్టాఫ్‌రూంలోనే ఉన్నారు, వాళ్ల వాటా అడ్జస్ట్‌మెంట్లు మోసేది మేమే. అయితే ఆ పరిశోధన మార్కుల గురించి. ఇక్కడ అడిగింది నడవడిక గురించి.

2025 మెగా డీఎస్సీలో, అంటే టీచర్ల నియామక పరీక్షలో, 16,347 పోస్టులు వేశారు, సెప్టెంబరులో నియామక పత్రాలిచ్చారు. మాకూ ఒకమ్మాయి వచ్చింది. ఆమె వచ్చిన నెలలోనే అడ్జస్ట్‌మెంట్లు సగానికి పడ్డాయి. వెనక బల్ల గొడవలు కూడా. ఇది నా కళ్లతో చూసింది, పరిశోధన కాదు.

భవిత_అక్క (గుంటూరు)

నేను ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేస్తాను. నాలుగైదు బడులు తిరగాలి. అందరూ 'అల్లరి' అంటున్నారు కదా, ఒక్క పిల్లాడి గురించి చెప్తా. పేరు, ఊరు చెప్పను.

నాలుగో తరగతి. చెప్పింది వినడు, పిలిస్తే పలకడు, పక్కవాణ్ణి గిల్లుతాడు, ఉన్నట్టుండి లేచి బయటికి పోతాడు. "పొగరు మేడమ్, వాడికి ఇంట్లో గారాబం" అని నాకు అప్పగించారు. నేను వాడి వెనక నిలబడి చిన్నగా చప్పట్లు కొట్టాను. తిరగలేదు. ఎడమ పక్కకి వెళ్లి కొట్టాను, తిరగలేదు. కుడి పక్క గట్టిగా కొడితే ఉలిక్కిపడి చూశాడు. చెవిలో చీము, ఎన్నాళ్లుగానో. పక్కవాణ్ణి గిల్లేది ఎందుకంటే టీచర్ ఏం చెప్పారో అడగడానికి. వాడికి అదే భాష అయిపోయింది. వాళ్ల అమ్మ మిర్చి యార్డులో తొడిమలు తీసే పనికి వెళ్తుంది, రోజు కూలి పోగొట్టుకుని ఆసుపత్రి లైన్లో నిలబడటానికి చాలా రోజులు తాత్సారం చేసింది. చివరికి మందులు వాడారు, టీచర్ వాణ్ణి ముందు బల్లలో కుడి చెవి తనవైపు ఉండేలా కూచోబెట్టారు. ఇప్పటికీ అల్లరే. కానీ బయటికి పారిపోవడం లేదు.

ఇందులో ఖర్చెంత? దాదాపు ఏమీ లేదు. కావల్సింది చప్పట్లు కొట్టి చూసే ఒక మనిషి. పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే బృందం సర్కారు బడికి ఏడాదికోసారి వస్తుంది. ఒక్కరోజులో వందలమందిని చూడాలి, వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

సుప్రీంకోర్టు 2021లో చెప్పింది, ప్రైమరీలో అలాంటి పిల్లలు 10 మందికి ఒక ప్రత్యేక టీచర్, పైతరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని. మేము ఇంకా కాంట్రాక్టు మీదే ఉన్నాం. బడినుంచి బడికి వెళ్లే దారిలోనే మా పూట గడిచిపోతుంది.

బీఎడ్_అమ్మాయి

అక్కా, మాకు టీచింగ్ ప్రాక్టీసులో ఇలాంటివి ఒక్కటీ చూపించలేదు. చార్టులు మాత్రం బోలెడు గీయించారు.

పటమట_అమ్మ

మా స్కూల్లో కౌన్సిలర్ ఉన్నారు, సీబీఎస్‌ఈ నిబంధనల్లో ఉందట. ఒకసారి కలిశాను. మార్కులెందుకు తగ్గాయో మాట్లాడారు, ఇంకేం అడగలేదు. మనిషి ఉంటే సరిపోదేమో కూడా.

భవిత_అక్క

నిజమే అమ్మా, కుర్చీ నింపితే చాలదు. అయితే మా బడుల్లో ఆ కుర్చీ కూడా లేదు. ప్రస్తుతానికి పెద్ద తరగతుల పిల్లలకి నేను మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే సర్కారు నంబరు టెలిమానస్ 14416 రాసిస్తున్నాను, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో కొడుతున్నారంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

నిర్వాహకుడు

మధ్యలో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఏ ప్రభుత్వం ఎంత తిన్నదనే చర్చకి వేరే చోటుంది.

సింగ్‌నగర్_నాన్న

మాస్టారు చెప్పినట్టే మా వాణ్ణి అడిగి రాయించాను. చెయ్యి నొక్కిన రోజు సోషల్ సార్ లేరు. స్విచ్‌బోర్డు పీకిన రోజు ఆటల పీరియడ్, కానీ గ్రౌండుకి పంపలేదట, గదిలోనే కూచోబెట్టారు. పీఈటీ (వ్యాయామం టీచర్) పోస్టు ఖాళీగా ఉంది. పద్నాలుగేళ్ల మగపిల్లల్ని నలభై నిమిషాలు ఖాళీగా కూచోబెడితే స్విచ్‌బోర్డు కాక ఏం పీకుతారు? మరి కమిటీలో నేనొక్కణ్ణి ఏం చెయ్యగలను? మా మీటింగంటే సంతకాలు పెట్టి టీ తాగి రావడమే.

మాజీ_హెడ్‌మాస్టర్

చాలా చెయ్యొచ్చు. విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షన్ చదవండి. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, గ్రాంటు ఎలా ఖర్చయిందో చూసే అధికారం మీది. తర్వాత 22వ సెక్షన్. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది కమిటీయే, ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకి ఆ ప్రణాళికే ఆధారమని అందులో ఉంది. నా సర్వీసులో చూసిన ప్రణాళికలన్నీ ప్రహరీ, షెడ్డు, బోరు, రంగులు. కమిటీలు అడిగినవి అవే, వచ్చినవీ అవే. మనుషుల్ని కావాలని రాసినవాళ్లు తక్కువ.

అదే చట్టం షెడ్యూల్లో ఇంకో మాటుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందకి మించి పిల్లలుంటే చిత్రలేఖనం, ఆరోగ్యం-వ్యాయామం, పని విద్య మూడింటికీ పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలి. మీ బడిలో ఎంతమంది ఉన్నారో అడగండి. 35 మందికి ఒక టీచర్ అన్నది కూడా అక్కడే ఉంది. తొమ్మిది, పది తరగతులకి ఈ చట్టం వర్తించదు, అది గుర్తుంచుకోండి.

లెక్కల_మాస్టారు

అడిగితే హెడ్‌మాస్టర్ మీద పడి అరవకండి. ఆయనకి నియమించే అధికారం లేదు. పైకి రాయడానికి ఆయనకి కావల్సింది మీ తీర్మానమే. తల్లిదండ్రులు రాసిస్తే ఆయనకీ బలం. ఏ రోజు ఏ పీరియడ్ ఖాళీగా పోయింది, ఆ పూట ఏం జరిగింది అని ఒక నెల రాసి ఆ కాయితం తీర్మానానికి జతచెయ్యండి.

బ్రాడీపేట_బాబాయ్

రాస్తే వస్తారంటారా?

మాజీ_హెడ్‌మాస్టర్

రాకపోవచ్చు. వచ్చినా ఈ ఏడాది రాకపోవచ్చు. రాయకపోతే మాత్రం వచ్చే మార్చిలో మళ్లీ రంగు డబ్బాలే కొంటారు.

సింగ్‌నగర్_నాన్న

శనివారం మీటింగ్ ఉంది. మూడు అడుగుతాను. పీఈటీ వచ్చేదాకా వ్యాయామానికి పార్ట్‌టైం మనిషి. ఆయా జీతం ఎన్ని నెలలు బాకీ ఉందో లెక్క. భవిత మేడమ్ లాంటివాళ్లు మా బడికి ఏ రోజు వస్తారో నోటీసు బోర్డు మీద పెట్టడం. ఇంకేమైనా కలపాలా?

భవిత_అక్క

చెవి, కన్ను పరీక్ష ఎప్పుడో కూడా అడగండి అన్నయ్యా. వేళ్లు నొక్కిన ఆ అబ్బాయి ఎవరో, వాడితో ఎవరైనా కూచుని మాట్లాడారో లేదో కనుక్కోండి. ఇక్కడ అందరం దెబ్బ తగిలిన పిల్లాడి గురించే అనుకుంటున్నాం.

లెక్కల_మాస్టారు

తీర్మానం పుస్తకంలో రాయించి, సంతకాలయ్యాక ఆ పేజీ ఫోటో తీసుకోండి. ఒక కాపీ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు.